గిజిగాడి గూట్లో దీపం

మోటబావి మీదికి వంగిన ఈతచెట్టు ఒకటుంది. ఆ చెట్టు నిండా గిజిగాళ్ళ కాపురాలే. చెట్టు అందరికీ ఒకటే, వీధులు మాత్రం మట్టకొకటి.

అక్కడ పెళ్ళిళ్ళు కుదిరే పద్ధతి వేరు. పెళ్ళికొడుకుని ఎవరూ చూడరు, ఇల్లు చూస్తారు. మృగశిర కార్తె దగ్గర పడిందంటే చాలు, మగవాళ్ళంతా నెత్తికి పసుపు పూసుకున్నట్టు తయారై, జమ్ముగడ్డి పోగులు చీల్చి తెచ్చుకుని, ఎవరి మట్టకి వాళ్ళు గూడు అల్లడం మొదలుపెడతారు. సగమయ్యేసరికి ఆ గూడు బోర్లించిన బుట్టలా ఉంటుంది. లోపల అడ్డంగా ఒక పట్టె, ఉయ్యాలబల్లలాగా. అప్పుడొస్తారు ఆడపిల్లలు, వెంట ఒక పెద్దావిడని పెట్టుకుని. పట్టె మీద కూర్చుంటారు, ఊగుతారు, గోడని ముక్కుతో లాగి చూస్తారు. నచ్చిందా, మిగతా సగం పూర్తవుతుంది. నచ్చలేదా, ఆ సగం సగంగానే ఉండిపోతుంది. తొలకరి పడేలోగా ఇల్లు కుదరనివాడు మళ్ళీ ఏడాది దాకా చెట్టు మీద పిల్లలందరికీ బాబాయే.

కుర్ర గిజిగాడికి ఇల్లు కట్టడం ఈ ఏడే మొదలు. వాడికి బాబాయి అవ్వాలని లేదు. అవతలి గట్టు తుమ్మచెట్టు మీద ఒక పిల్ల ఉంది. నీళ్ళు తాగడానికి బావి దగ్గరికి వచ్చినప్పుడల్లా తల ఒక పక్కకి వంచి వాడి వైపు చూసేది. వాడి తంటాలన్నీ ఆ చూపు కోసమే.

వాడికీ మిగతావాళ్ళకీ ఒక తేడా ఉంది. వాడు బడికెళ్ళి చదువుకొచ్చినవాడు. ఆ చెట్టు మీద బడి మొహం చూసిన మొదటివాడు వాడే. మామిడితోపులో వడ్రంగిపిట్ట మాస్టారు నడిపే బడి అది. మాస్టారు మొద్దు మీద టకటకా కొడుతూ పాఠం చెబితే, వెనక కొమ్మ మీద కునుకు తీసేవాడి బుర్రకి కూడా ఎక్కాల్సిందే. ఏది ఎంత బరువు, బరువు ఎటు లాగుతుంది, ఏ పీచు ఎప్పుడు తెగుతుంది, ఏ ముడి జారదు, అన్నీ నేర్పేవారు.

వాడు చదువు ముగించుకుని వచ్చిన రోజున నాయనమ్మ హడావుడి చూసి తీరాల్సిందే. మట్టమట్టకీ వెళ్ళి, "మావాడు చదువుకొచ్చాడమ్మా" అని చెప్పుకొచ్చింది.

"ఏం చదివాడేమిటి?" అని ఎవరైనా అడిగితే, "అది నాకు తెలిస్తే వాణ్ణి బడికి పంపడమెందుకు?" అనేది.

వాడు గూడు మొదలుపెట్టాడు. మట్ట చివర వేసిన మొదటి ముడి చూడ్డానికే చెట్టంతా వచ్చింది. పీచుని రెండుసార్లు తిప్పి, కొసని వెనక్కి మలిచి, ఆ ముడి కడుపులోనే దాచేశాడు. పక్క మట్ట మీద గూడు అల్లుకుంటున్న బావ వచ్చి కళ్ళు చికిలించి చూశాడు.

"ఏంట్రా ఇది? ముడి వేశావా, జడ వేశావా?"

"లాగి చూడు బావా."

బావ లాగాడు. తోక వణికేదాకా లాగాడు. ముడి కదల్లేదు. "గట్టిదేలే," అని ఒప్పుకున్నాడు. "కానీ నువ్వు ఒక్క ముడి వేసేలోపు నేను గోడ సగం లేపేశా."

నాలుగు రోజుల్లో గూడు బుట్ట ఆకారానికి వచ్చింది. ఆ పొద్దున నాయనమ్మ నోట్లో మట్టిముద్దతో దిగింది. దిగుతూనే ఏదో చెప్పింది. మట్టి అడ్డమొచ్చి "మ్మ్, మ్మ్" అని తప్ప ఒక్క ముక్క వినపడలేదు. చివరికి విసుగొచ్చి, ముద్దని అడ్డపట్టె ఎడమ కొసన పెట్టి గొంతు సవరించుకుంది.

"గోడలకి బంకమన్ను పెట్టావా అని అడుగుతున్నారా."

"మన్నెందుకు నాయనమ్మా?"

"దీపానికి. మన్ను తడిగా ఉండగానే ఒక మిణుగురుని తెచ్చి అతికిస్తే, రాత్రిపూట పిల్లలకి వెలుగు. మా అమ్మ చెప్పింది. మా అమ్మకి వాళ్ళమ్మ చెప్పింది."

"నువ్వు చూశావా ఆ వెలుగు?"

నాయనమ్మ కాస్త ఆలోచించింది. "నేను కళ్ళు తెరిచేసరికి ఆరిపోయినట్టుంది" అంది.

బడిలో ఏదీ పరీక్షించకుండా కాదనకూడదని నేర్పారు కదా, వాడు అంత పనీ చేశాడు. గడ్డిలో దాక్కున్న మిణుగురుని వెతికి పట్టుకొచ్చి తడిమట్టికి అతికించాడు. అది వాడి వంక ఒక చూపు చూసి, కాళ్ళు విదిలించుకుని, చక్కా ఎగిరిపోయింది.

"చూశావా? దీపం లేదు, గీపం లేదు. మట్టేమో గడ్డికన్నా బరువు. అక్కర్లేని బరువు మోస్తే పీచుకి చేటు. ఇవన్నీ పాత కబుర్లు నాయనమ్మా."

"చదువుకున్నవాడివి. నీ ఇష్టం," అంది నాయనమ్మ. అలిగి అనలేదు, మామూలుగానే అంది. కానీ తెచ్చిన మట్టిముద్ద పట్టె కొసనే ఉండిపోయిన సంగతి ఆవిడా మరిచిపోయింది, వాడూ చూసుకోలేదు.

మర్నాడే తుమ్మచెట్టు పిల్ల వచ్చింది. వెంట మేనత్త. ఆ మేనత్త ఎన్ని ఇళ్ళు కాదందో ఆ బావి చుట్టుపక్కల అందరికీ తెలుసు. కుర్ర గిజిగాడు రెక్కలు టపటపలాడిస్తూ ఎదురెళ్ళాడు.

పిల్ల పట్టె మీద కూర్చుంది. పైన ముడిని చూసి, "అబ్బ!" అంది. వాడి గుండె బుట్టలోంచి బయటికి దూకినంత పనైంది.

మేనత్త మాత్రం గోడలన్నీ తడిమింది. "అబ్బాయీ, దీపం మన్నేదీ?"

"అది మూఢనమ్మకం అత్తయ్యగారూ. మిణుగురు మట్టి మీద నిలవదు. నేను పరీక్షించాను. పోతే బరువు సంగతి తీసుకుంటే..." అని మొదలుపెట్టి వాడు మాస్టారు చెప్పిన పాఠమంతా చెప్పేశాడు. మేనత్తకి ఆవులింత వచ్చింది. పాఠం మధ్యలో చిన్న గాలి వీచింది. బుట్ట గిర్రున ఒక చుట్టు తిరిగి, మేనత్త మొహం గోడకి, పిల్ల తోక ఆకాశానికి అయ్యాయి.

పిల్లకి నవ్వాగలేదు. మేనత్తకి నవ్వు రాలేదు.

"చదువు బాగుంది నాయనా," అందావిడ ఈకలు సర్దుకుంటూ. "ఇల్లే మాట వినేలా లేదు. పదవే."

పిల్ల ఎగరబోతూ వెనక్కి తిరిగి, "ముడి నాకు నచ్చింది. వాన పడేలోగా ఇంకోసారి వస్తా" అని గుసగుసగా చెప్పి పోయింది.

వాన పడేలోగా! ఆ మధ్యాహ్నమే పడమటి వైపు ఆకాశం నల్లబడింది. వాన ఇంకా రాలేదు, గాలి మాత్రం వచ్చేసింది. ఈతచెట్టు జుట్టు పట్టుకుని ఊపినట్టు ఊపింది. కుర్ర గిజిగాడు ఇల్లు ఎక్కడ పోతుందోనని లోపలికి దూరి పట్టెని కావలించుకున్నాడు. గూడు గాలికి పైకి లేచింది. తలకిందులైంది. మట్ట చుట్టూ చుట్టుకుంది, విప్పుకుంది, మళ్ళీ చుట్టుకుంది. ముడి మాత్రం ఊడలేదు.

పక్కనే బావ గూడు. గోడలకి రెండు వైపులా బంకమన్ను మెత్తుకున్నాడు వాడు. ఎందుకని అడిగితే, మా నాన్న మెత్తాడు కనక అంటాడు. గాలి ఎంత తన్నినా ఆ గూడు పెద్దమనిషిలా మెల్లగా ఊగి, మళ్ళీ తన చోటుకి తాను వచ్చి నిలబడుతోంది. బావ లోపల కాలు మీద కాలు వేసుకుని కూర్చుని, "చల్లగా ఉందిరా గాలి!" అని అరిచాడు. అరిచి నోరు మూసేలోపు పైన ఒంటిమెలిక ముడి జారింది. గూడు గూడంతా దబ్బున బావిలో పడింది. బావ తడిసిన తోకతో ఎగిరొచ్చి మట్ట మీద వాలాడు.

"నీ ఇల్లు పడలేదు, నిలవలేదు," అన్నాడు ముక్కులోంచి నీళ్ళు కారుస్తూ. "నా ఇల్లు నిలిచింది, పడింది!"

కుర్ర గిజిగాడికి ఆ మాట వినపడింది. కానీ అప్పటికి వాడు తలకిందులుగా వేలాడుతూ ఇంకో సంగతి చూస్తున్నాడు. గూడు ఎన్నిసార్లు పైకి లేచినా, గాలి కాస్త సడలగానే ఎడమ పక్కే ముందు కిందికి దిగుతోంది. ప్రతిసారీ ఎడమ పక్కే. ఎందుకబ్బా అని మెడ తిప్పి చూస్తే, పట్టె ఎడమ కొసన నాయనమ్మ మరిచిపోయిన మట్టిముద్ద.

గాలి తగ్గగానే మాస్టారు వచ్చి వాలారు. తన శిష్యుడి ముడి ఏమైందో చూద్దామని తోపునుంచి గాలిలో పడుతూ లేస్తూ వచ్చారు.

"ముడి నిలిచింది మాస్టారూ. ఇల్లే నిలవలేదు."

"నిలవకపోవడమేమిటి?"

"బరువు లేక. మా నాయనమ్మ పెట్టమంది. నేనే వద్దన్నాను, మీ పాఠం ప్రకారం."

మాస్టారు తల గోక్కున్నారు. "ఒరే, నేను పుట్టి పెరిగింది చెట్టు తొర్రలో. నా ఇల్లు ఎప్పుడైనా ఊగిందా? వేలాడే ఇంటి సంగతి నాకేం తెలుసు? బరువు ఎటు లాగుతుందో చెప్పాను. ఎక్కడ పెట్టుకోవాలో ఇంట్లో అడగొద్దని చెప్పానా?"

"చెప్పలేదు" అన్నాడు వాడు.

"ఇంతకీ ఆ మన్ను ఎక్కడ పెడతారట? పద, నేనూ చూస్తా," అంటూ మాస్టారు బుద్ధిగా మట్ట చివర కూర్చున్నారు.

వాడు గబగబా బావిలోకి దిగి మట్టి తెచ్చాడు. అప్పటికే అక్కడికి చేరిన నాయనమ్మ ముక్కుతో నలిపి చూసి ఉమ్మేసింది. "ఇది ఇసకరా. పొద్దున్నే రాలిపోతుంది. నీళ్ళకి ఆనుకున్న మెట్టు మీద జిగురుగా ఉంటుంది చూడు, అది తే. ఒక్క పక్కే పెట్టకు, ఇల్లు అలిగి మూతి తిప్పుకుంటుంది. రెండు పక్కలా పెట్టు."

ఎడమ వైపు ఎంతో కుడి వైపు అంతే ఉండేలా తూచి పెట్టడం వాడికి బడిలో వచ్చిన విద్య. అటొక ముద్ద, ఇటొక ముద్ద వేసుకుంటూ పోయాడు. ఊది చూశాడు. గూడు నిండు బిందెలా నిదానంగా ఊగి ఆగింది. వాడికి సంతోషం పట్టలేదు.

"నాయనమ్మా, ఇది దీపానికి కాదే. గాలికి! బరువు కిందికి లాగితే గూడు తిరగబడదు. మీ అమ్మ తప్పు చెప్పింది."

నాయనమ్మ నవ్వింది. "తప్పో ఒప్పో, దీపమంటే పిల్లలు ముచ్చటపడి గుర్తుపెట్టుకుంటారు. బరువంటే ఎవడు మోస్తాడురా?"

మాస్టారు మొద్దు మీద కొట్టబోయి, అక్కడ మొద్దు లేదని గుర్తొచ్చి ఆగిపోయారు. ఆ మాట ఆయన చాలాసేపు నెమరేసుకున్నారు.

ఆ సాయంత్రం చెట్టు మీద చిన్న బడే జరిగింది. కుర్ర గిజిగాడు బావకి ముడి నేర్పాడు. బావకి రాకముందే నాయనమ్మకి వచ్చేసింది. "మా రోజుల్లో ఆడవాళ్ళు ముడి వేసేవాళ్ళు కాదు" అని గొణుగుతూనే, కనపడిన ప్రతి పీచుకీ ముడి వేసేసింది. మర్నాడు అవి విప్పుకోలేక చెట్టంతా అవస్థపడింది.

పొద్దున్నే తుమ్మచెట్టు పిల్ల వచ్చింది, వెనకే మేనత్త. మబ్బులు నెత్తి మీద ఉన్నాయి, గాలి బాగానే ఉంది. పిల్ల పట్టె మీద కూర్చుంది. గూడు ఇటు ఊగి, అటు ఊగి, తన చోటుకి వచ్చి ఆగింది. మేనత్త గోడలు తడిమింది. ఎడమ పక్క మన్ను. కుడి పక్క మన్ను. ఇంకేదైనా వంక దొరుకుతుందేమోనని ఇంకోసారి తడిమింది. దొరకలేదు.

పిల్ల ఎగిరిపోయింది. కుర్ర గిజిగాడి నెత్తి మీద పసుపంతా తెల్లబోయింది. కాసేపటికి ఆ పిల్లే తిరిగొచ్చింది. ముక్కులో ఒక దూదిపింజ ఉంది. దాన్ని గూటి లోపల మెత్తగా పరిచి, మళ్ళీ ఇంకోదాని కోసం వెళ్ళింది.

అప్పుడు పడింది తొలకరి.

గూడు పూర్తయింది. గుడ్లు పిల్లలయ్యాయి. నోరు తెరిస్తే తిండి, తిండి అయితే ప్రశ్నలు. ఒకనాడు దీపాలు పెట్టేవేళ, అందరికన్నా పెద్దనోటి పిల్ల గోడకున్న మట్టిని ముక్కుతో పొడిచి చూసింది.

"నాన్నా, ఇదేమిటి?"

మట్ట మీద కూర్చున్న నాయనమ్మ చెవి ఇటు పెట్టింది. కబుర్లకని వచ్చిన మాస్టారూ తల వంచారు. తండ్రి గిజిగాడి నాలుక చివర బరువు పాఠమంతా సిద్ధంగా ఉంది. వాడు నాయనమ్మ వంక చూశాడు. మాస్టారి వంక చూశాడు.

"దీపం," అన్నాడు.

పిల్ల మట్టి చుట్టూ తిరిగింది. పైనుంచి చూసింది, కిందనుంచి చూసింది.

"మరి వెలుగేదీ?"

"రెక్కలొచ్చాక మాస్టారి బడికి వెళ్ళిరా," అన్నాడు తండ్రి గిజిగాడు. "అప్పుడు కనిపిస్తుంది."