టముకు మామ తల ఆగలేదు

పిల్లలూ, నా ఎడమ మోకాలి మీద రేగుపండంత మచ్చ ఒకటి ఉంది. చిరుతపులితో కుస్తీ పట్టినప్పుడు వచ్చింది. ఒంటిచేత్తో దాన్ని మట్టి కరిపించాను! సరే, సరే, అలా నవ్వకండి. చిరుతపులి కాదు. మరేమిటో కథ అయ్యాక చెప్తాను. ముందే చెప్తే మీరు లేచి వెళ్లిపోతారు.

అనగనగా ఒక అడవిలో ఒక పుట్ట. పుట్ట అనగానే పాము కోసం వెతక్కండి. ఇది చెదపురుగులు కట్టుకున్న పుట్ట. మీ నాన్న కంటే జానెడు ఎత్తు. లోపల అంతస్తులు, గదులు, అన్నిటికంటే కింద పిల్లల గది. గోడల నిండా సన్నటి గాలిదారులు. వాటిలో గాలి ఆడుతుంటే పుట్ట మొత్తం మనలాగే ఊపిరి తీసుకునేది.

అక్కడ ఎవరికీ కళ్లు కనబడవు. అయినా పని ఆగదు. వాళ్లకో పద్ధతి ఉంది. ప్రమాదం వస్తే కాపలావాళ్లు తలతో గోడను కొడతారు. టక్ టక్ టక్! ఆ అదురు కాళ్లకు తెలియగానే మిగతా కాపలావాళ్లూ కొడతారు. మేస్త్రీలు మట్టి ఉండలు పట్టుకుని పరుగెత్తుతారు.

పై అంతస్తు కాపలా టముకు మామది. తల పెద్దది, మాట ఇంకా పెద్దది. మేస్త్రీలందరికీ పెద్ద మట్టెమ్మ. పిల్లల్ని చూసుకునేది లాలి.

ఒకరోజు పొద్దున్నే అలుగు వచ్చింది. ఒంటి నిండా పెంకులు, మూరెడు నాలుక. చెదపురుగులంటే దానికి ఎంతో ఇష్టం, నాలుక మీద ఉంటే. గోడకు పెద్ద కన్నం పెట్టి, ముక్కు దూర్చి, "ఏమర్రా, ఫలహారం సిద్ధమేనా?" అంది.

"ఉండు, వడ్డిస్తా!" అన్నాడు టముకు మామ. టక్ టక్ టక్! దగ్గర్లోని కాపలావాళ్లంతా వచ్చి అలుగు ముక్కును పట్టి కొరికారు.

"అబ్బా! కారం ఎక్కువైంది!" అంటూ అది పారిపోయింది. మట్టెమ్మ బలగం చిటికెలో కన్నం పూడ్చేసింది.

ఇక్కడితో ఆగితే ఎంత బాగుండేది! నాకూ గొంతునొప్పి తప్పేది.

టముకు మామ హాయిగా గోడకు కాలు ఆనించాడు. కింద నుంచి టక్ టక్ టక్! "అమ్మో, ఇంకా ఇక్కడే ఉంది!" అనుకుని మళ్లీ తల బాదాడు.

మట్టెమ్మ మళ్లీ మట్టి వేసింది. పై గోడ మందమైంది. రెండో రోజూ టక్ టక్. ఈసారి లోపలి గోడలకు వేసింది. మూడో రోజూ టక్ టక్. ఇక వేయడానికి గోడ లేక గాలిదారుల్లో వేసింది.

"మట్టెమ్మక్కా, గాలిదారులు మూసేస్తున్నావు!" అంది లాలి.

"చప్పుడు వినిపిస్తోందా, లేదా?"

"వినిపిస్తోంది."

"అయితే మట్టి వెయ్యాలి. చాలు అనే చప్పుడు ఉంటే ఆగుతాను. అలాంటిది నాకెవరూ నేర్పలేదమ్మా!"

నిజమే. ఆ పుట్టలో మొదలుపెట్టమనే చప్పుడు ఉంది. చాలు అనే చప్పుడు లేదు.

నాలుగో రోజుకి పిల్లల గదిలో గాలి ఆడలేదు. పిల్లలు నోళ్లు తెరిచి ఆయాసపడ్డారు. వాళ్లలో అందరినీ కొరికే అల్లరి పిల్ల బుడిగి కూడా కదలకుండా పడుకుంది. "లాలక్కా, గాలి..." అంది. మిగతా మాట రాలేదు.

లాలి పరుగెత్తింది. ముందు కింది అంతస్తు కాపలావాడిని అడిగింది. "అన్నా, ఎందుకు కొడుతున్నావు?"

"మధ్యవాడు కొట్టాడుగా!"

మధ్య అంతస్తుకు వెళ్లింది. "నువ్వెందుకన్నా?"

"పైన మామ కొట్టాడుగా!"

పై అంతస్తుకు ఎక్కింది. టముకు మామ తల వాచి ఇంకా పెద్దదైంది.

"మామా, నువ్వెందుకు కొడుతున్నావు?"

"చెవుడా నీకు? కింద వాళ్లు కొట్టడం వినబడట్లేదా? అలుగు కింద చేరింది!"

లాలికి నవ్వు ఆగలేదు. "మామా! నాలుగు రోజులుగా నువ్వు నీ చప్పుడుకే భయపడుతున్నావు!"

టముకు మామ మాత్రం నవ్వలేదు. "నేను ఆపాక అలుగు వస్తే? అందరూ దాని నోట్లోకి పోతే?" అన్నాడు.

లాలి నవ్వు ఆపింది. "వస్తే మళ్లీ కొడుదువు మామా. తల ఎక్కడికీ పోదు. నువ్వు ఆపకపోతే మాత్రం బుడిగి సాయంత్రానికి ఉండదు."

టముకు మామ తల ఎత్తాడు. గోడ దాకా తెచ్చాడు. అక్కడే ఆపాడు. కొట్టడం కంటే ఆపడమే కష్టమని ఆయనకు అప్పుడు తెలిసింది.

పై చప్పుడు ఆగింది. మధ్యది ఆగింది. కిందది ఆగింది. అందరూ కాళ్లు గోడకు ఆనించి విన్నారు. అలుగు లేదు. ఎక్కడో ఒక మేస్త్రీ తుమ్మాడు, అంతే.

"హమ్మయ్య! నా నడుము పడిపోయింది," అంది మట్టెమ్మ. వెంటనే బలగాన్ని వెనక్కి తిప్పి గాలిదారులు తవ్వించింది. పచ్చి మట్టి ఊడి వచ్చింది. చల్లగాలి సర్రున దిగింది. బుడిగి లేచి మొట్టమొదట లాలి కాలు కొరికింది.

"అమ్మా! బతికింది!" అని లాలి గంతులేసింది.

కానీ అన్నిటికంటే ముందు మూసిన తూర్పు గాలిదారి అప్పటికే రాయైపోయింది. ఎన్ని దవడలు అరిగినా అది తెరుచుకోలేదు. ఈనాటికీ ఆ వైపు గదులు ఖాళీ. ఆ పక్కగా వెళ్లేటప్పుడు టముకు మామ తల గోడకు తగలనివ్వడు.

అప్పటి నుంచి పద్ధతి మారింది. మూడు దెబ్బలు కొట్టాలి. తర్వాత లాలి ఒక జోలపాట పాడేంతసేపు తల ఆపి వినాలి.

ఈ టముకు మామలు మన ఒంట్లోనూ ఉంటారట. నర్సు పని చేసే మా సుభాషిణి పిన్ని చెప్పింది. దెబ్బ తగిలితే కాపలా కణాలు కేక వేస్తాయి. మరమ్మతు కణాలు వచ్చి పీచు అల్లి పూడుస్తాయి. అదే మచ్చ. అంతవరకు మంచిదే. కొన్ని జబ్బుల్లో ఆ కేక ఆగదు. అప్పుడు ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో మచ్చ మీద మచ్చ పడి, మెత్తటి చోటు గట్టిపడిపోతుంది.

ఇక నా మోకాలి సంగతి. అది మేకపిల్ల. నన్నేమీ చేయలేదు. "మే" అంది, అంతే. నేను పరుగెత్తి పడ్డాను. తగిలింది చిన్న గీత, వారంలో మానేదే. కానీ పక్కు కట్టిన ప్రతిసారీ గిల్లాను. ఆరుసార్లు. పిన్ని అడిగితే మేకపిల్ల గిల్లిందన్నాను.

నీతి: ఆపదలో కేక వేయడం ఎంత అవసరమో, ఆపద పోయాక ఆ కేక ఆపడం అంతే అవసరం.