లోటా మీద అమ్మ వేలు

ఊ కొడతానంటేనే చెప్తా. మధ్యలో ఆపితే ఓడ కూడా ఆగిపోతుంది, మీ ఇష్టం.

ఎప్పుడో, మీకూ నాకూ తెలియనంత ముందు, పడమటి సముద్రం ఒడ్డున ఓ ఇసక ఊరు. ఆ ఇసకనే కరిగించి గాజు చేసేవాళ్ళు. అక్కడ అరిషా అని ఒకావిడ మట్టి అచ్చులు చేసేది. అచ్చులోకి కరిగిన గాజుని గొట్టంతో ఊదితే, లోపల ఏం చెక్కి ఉంటే అది గాజు మీద లేచేది. పువ్వుంటే పువ్వు, తీగుంటే తీగ.

అరిషాకి ఒక్కతే కూతురు, తబీతా. అమ్మ బొటనవేలు పట్టుకుంటే గానీ నిద్రపోయేది కాదు. ఆ వేలి మీద అడ్డంగా ఓ కాలిన మచ్చ. దాన్ని నిమురుతూ నిమురుతూ కళ్ళు మూసేది.

ఒకరోజు ఒడ్డున ఆడుకుంటున్న తబీతాని ఓడ దొంగలు ఎత్తుకుపోయారు.

ఓడ పోయింది. అల వచ్చింది.

ఏ ఊరు తీసుకెళ్ళారో తెలీదు. వెతకడానికి అరిషాకి ఓడ లేదు. కానీ తన అచ్చుల్లో పుట్టిన లోటాలు అన్ని ఊళ్ళకీ పోతాయిగా! పచ్చి అచ్చు లోపల బొటనవేలు గట్టిగా నొక్కింది. ఊదితే గాజు మీద వేలు లేచింది, మచ్చతో సహా.

కొలిమి యజమాని యాసోను చూశాడు.

"ఏంటే ఇది? లోటాకి కురుపు లేచిందా?"

"నా వేలు బాబూ. పిల్ల గుర్తుపడుతుందని."

"కురుపుల లోటా ఎవడు కొంటాడే?" అని అచ్చు పగలగొట్టాడు.

మళ్ళీ చేసింది. మళ్ళీ పగలగొట్టాడు. మూడోసారి చేసేసరికి రేవులో లోటాలు తీసుకెళ్ళే ఓడ తెరచాప ఎత్తేస్తోంది. వేరే అచ్చు లేదు.

"ఊదండ్రా, ఏదైతే అదైంది!" అన్నాడు యాసోను.

ఓడ పోయింది. అల వచ్చింది.

ఎక్కడో దూరపు రేవులో, ఓ ముసలమ్మ సారాకొట్లో, ఒక పిల్ల ఎంగిలి లోటాలు కడుగుతోంది. వేళ్ళకి ఓ బొడిపె, దాని మీద అడ్డంగా మచ్చ తగిలి నీళ్ళలో చెయ్యి ఆగిపోయింది. కళ్ళు మూసుకుని నిమిరింది. నిలబడే నిద్రపోయింది.

"లోటా పట్టుకుని నిద్రేంటే, మొద్దుదానా!"

"లోటా కాదు అవ్వా. మా అమ్మ."

అప్పట్నుంచీ వచ్చిన ప్రతి ఓడవాణ్ణీ అడిగేది, ఇది ఏ ఊరి లోటా అని. ఒకడు నవ్వాడు. ఒకడు తెలీదన్నాడు. ఏళ్ళు గడిచి తబీతా పెద్దదయ్యాక, ఇంకొకడు చెప్పాడు. "ఇసక ఊరిది. మేం అటే పోతున్నాం."

"ఆ దొంగలకి డబ్బిచ్చి కొనుక్కున్నానే నిన్ను," అంది ముసలమ్మ. తర్వాత ఆ లోటా తెచ్చి తబీతా చేతిలో పెట్టింది. "అమ్మ వేలు పట్టుకున్నదాన్ని ఎలా ఆపను? పో."

అల పోయింది. ఓడ వచ్చింది.

అరిషా అప్పటికే లేదు. కొలిమి పక్కన ఆ మూడో అచ్చు మాత్రం ఉంది.

"ఇది పగలగొట్టబుద్ధి కాలేదమ్మా," అన్నాడు యాసోను. పాపం, బాగా ముసలాడైపోయాడు.

తబీతా అచ్చులో అమ్మ వేలు నొక్కిన గుంటలో తన బొటనవేలు పెట్టింది. సరిగ్గా పట్టింది.

ఇప్పటికీ ఆ ఒడ్డున బొడిపె లేని లోటాలో ఎవరూ తాగరు. మొదటి గుక్కకి ముందు బొడిపె మీద వేలు ఆనించి, "వచ్చేశా అమ్మా" అంటారు. చిన్నపిల్లలైతే లోటా పట్టుకునే నిద్రపోతారు. అప్పుడు ఎవరూ లాక్కోరు. వేళ్ళు వాటంతటవే వదిలేదాకా కూర్చుంటారు.