బురదలో దిగిన రథం

మేడికొండ రాజ్యంలో దొరలకు పాత రథాల సంఘం ఉండేది. ఆ రథాల తళుకు చూడలేక సూర్యుడే మబ్బుచాటుకి తప్పుకునేవాడంటే నమ్మండి! సంఘంలో లేని పాతబండి ఏదైనా వంటశాలకి కట్టెలుగా నరికెయ్యాలని రాజాజ్ఞ. గవరయ్యకి తాతనాటి ఎడ్లబండి తప్ప వేరే బతుకుతెరువు లేదు. సంఘంలో చేర్చుకోమని వచ్చి, ఏరు పొంగేంత ఏడ్చాడు.

“మా తాతల కాలంలో ఇక్కడ బండ్లే లేవురా, అన్నీ రథాలే! నీది మొన్నటి కట్టెలమోపు,” అన్నాడు సంఘాధిపతి వీరభూపతి దొర. భటులు గొడ్డళ్ళెత్తారు.

గవరయ్య ఆశ వదిలేశాడు. దాంతో భయమూ పోయింది.

“దొరా, యుద్ధంలో తమ తాతగారి రథం నల్లవాగు బురదలో దిగబడిందని ఏటేటా తమరే చెబుతారు. పైకెలా వచ్చింది?”

“ఎవడో బండివాడు మోకు కట్టి లాగాడు.”

“బండ్లే లేవన్నారు కదా బాబూ! అయితే అది ఇంకా వాగులోనే ఉండాలి. మరి ఇక్కడ తాతగారిదని తమరు నిలబెట్టిన ఈ రథమేమిటి?”

దొర తెరిచిన నోట్లో ఏనుగు దూరేది. చేసేది లేక చేర్చుకున్నాడు.

మర్నాడే ఊరేగింపు. వానకి రథాలన్నీ దిగబడ్డాయి. “ఒరే సభ్యుడా, మోకు పట్రా!” అని ప్రతి రథం మీంచీ కేకలే.

ఇప్పటికీ లాగుతూనే ఉన్నాడు పాపం.