సుగుణమ్మ సంచి ముడి

నస్రీన్ పేరు వినబడితే చాలు, వకుళకి ఒళ్లు మండేది.

ఇద్దరూ డాక్టర్ కాత్యాయని గారి దగ్గర స్కాన్లు చదవడం నేర్చుకుంటున్నారు. నస్రీన్ ఏడాది చిన్న. చిన్నదైతే చిన్నదానిలా ఉండొచ్చు కదా. పోయిన వారం, అండాశయ క్యాన్సర్‌కి ఆపరేషనైన ఒకావిడ స్కాన్‌లో, కాలేయం అంచున పెసరగింజంత గడ్డని పట్టేసింది. రోగం తిరగబెట్టింది. అదే స్కాన్ చూసి ఏమీ లేదన్నది వకుళ. అప్పట్నుంచి నర్సులు కూడా, ఇది నస్రీన్ మేడమ్‌కి చూపించారా అని అడుగుతున్నారు. వకుళకి అన్నం సయించడం లేదు.

మంగళవారం సుగుణమ్మ వచ్చింది. అదే జబ్బు, ఆపరేషనై రెండేళ్లు. కీమోకి రాలిన జుట్టు మళ్లీ పిన్ను నిలిచేంత పెరిగింది. వేరే ఊళ్లో తీయించిన పాత ఫిల్ములన్నీ గుడ్డసంచిలో ముడివేసి తెచ్చింది. స్కానయ్యాక సంచి బల్లమీద పెట్టి, బయట బెంచీమీద కూర్చుంది.

పాతవి చూడందే కొత్తది తెరవకూడదన్నది ఆ గదిలో మొదటిరోజు చెప్పే మాట. నస్రీన్ భోజనానికి వెళ్లడం చూసి, వకుళ కొత్తదే తెరిచింది. వెతికింది. పొత్తికడుపులో ఎడమపక్క చిక్కుడుగింజంత మచ్చ. గుండె ఎగిరింది. అది సంతోషమని ఆ క్షణాన ఆమెకి తట్టలేదు.

రోగం తిరగబెట్టిందనీ, మళ్లీ కీమో ఆలోచించాలనీ రాసి, రిపోర్టు తీసుకెళ్లి కాత్యాయని గారి ముందు పెట్టింది.

ఆవిడ రిపోర్టు చదివారు. లేచి వచ్చారు. తెర వైపు చూడలేదు. బల్లమీది సంచిని వకుళ ముందుకు జరిపారు.

"ముడి విప్పు."

వకుళ విప్పింది. ఆపరేషనయ్యాక తీసిన మొదటి ఫిల్ముని లైటుకి ఎత్తి పట్టింది. ఎడమపక్క అదే మచ్చ. తర్వాతిదాంట్లోనూ అంతే, వెంట్రుకవాసి పెరగలేదు. ఆపరేషన్ గాయం మానిన గుర్తు.

ఫిల్ముని బల్లమీద పెట్టింది. "నస్రీన్ అయితే ముందు ఇదే విప్పేది కదా మేడమ్."

"ఈ స్కాన్‌లో ఎంతమంది ఉన్నారు?"

"ఒక్కరే. సుగుణమ్మ."

"నీకు ఇద్దరు కనబడుతున్నారు," అని ఆవిడ కాగితం తిరిగిచ్చేశారు.

వకుళ దాన్ని చింపేసింది. కొత్తది రాసింది. సంతకం పెట్టకుండా వరండాలోకి నడిచింది. కుళాయి దగ్గర నస్రీన్ టిఫిన్ డబ్బా కడుక్కుంటోంది.

"ఒకసారి వచ్చి చూస్తావా?"

బెంచీమీద సుగుణమ్మ తల్లో పిన్ను తీసి, మళ్లీ పెట్టుకుంటోంది.