ఎస్తేరు బోర్డులో అతుకు

సామ్రాజ్యం గారిని ఏ సందేహం అడిగినా నోటితో జవాబు చెప్పే అలవాటు లేదు. "ఇది ఎందుకు పలకడం లేదు మేడమ్?" అంటే, బల్ల మీదున్న, కరెంటు కొలిచే మీటరును అడిగినవాళ్ళ వైపు జరిపి తన పనిలో పడిపోయేవారు. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చెప్పి రిటైరైన మనిషి. తెనాలిలో తన ఇంటి వసారాలో సింథసైజర్లు కట్టడం నేర్పేవారు. కరెంటుతో స్వరాలు పలికే ఆ వాయిద్యాన్ని కొట్లో కొనుక్కోవడం కాక, బోర్డు మీద ఒక్కొక్క భాగాన్నీ తమ చేత్తో అతికించి పలికించాలనే పిచ్చి ఉన్నవాళ్ళు ఆవిడ దగ్గరికి చేరేవారు.

వాళ్ళందరిలోకీ ముందు వచ్చినవాడు పానకాలరావు. బజారులో అతనికి సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుంది. పెళ్ళిళ్ళలో కీబోర్డు వాయించేవాడు కూడా. కానీ పెళ్ళిలో భోజనాల గోల మధ్య వాయిద్యం ఎవరు వింటారు? తను కట్టిన దాన్ని, తను వాయిస్తుండగా, నలుగురు కూర్చుని వినాలని అతని కోరిక.

ఎస్తేరు చాలా తర్వాత వచ్చింది. నర్సరీ స్కూల్లో టీచరు. ఆదివారాలు చర్చిలో పాటలకు వాయించేది. మొదట్లో సోల్డరింగ్ ఐరన్ ఏ చివర పట్టుకోవాలో తెలియక వేలు కాల్చుకుంటే, పట్టుకోవడం నేర్పింది పానకాలరావే. "అన్నా, నువ్వు లేకపోతే నేను మొదటిరోజే ఇంటికి పోయేదాన్ని," అనేది. ఆ మాట అప్పట్లో అతనికి బాగానే ఉండేది.

ఎస్తేరు బోర్డు మొదటిసారి పలికిన రోజున మేడమ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని చాలాసేపు విన్నారు. విని, "నిలిచింది," అన్నారు. అంతే. ఆ ఒక్క మాట కోసం పానకాలరావు ఎన్ని బోర్డులు కట్టి విప్పాడో అతనికే తెలుసు. ఆ రోజు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది అతనే. ఇంటికి పోయాక అన్నం సహించలేదు.

ఒకనాడు ఇక ఆగలేక మేడమ్‌ని అడిగాడు. "ఇద్దరికీ ఒకటే పటం గీసిచ్చారు మేడమ్. సామాను కూడా ఒక్క కొట్లోనే కొన్నాం. తనది శ్రుతిలో నిలుస్తుంది. నాది కాసేపటికి జారిపోతుంది. ఎందుకంటారు?"

అడిగింది అదే గాని, అడగనిది ఇంకొకటి ఉంది. ఆమెకు చెప్పి నాకు చెప్పనిది ఏముంది?

మేడమ్ మీటరు జరిపారు. ఆ తర్వాత ఎన్నడూ లేనిది లేచి వెళ్ళి, అలమరలోంచి ఎస్తేరు బోర్డు తెచ్చి అతని బోర్డు పక్కన పెట్టారు. "ఇది బాగున్న బోర్డు. పక్కన పెట్టుకుని చూసుకో," అని లోపలికి వెళ్ళిపోయారు. ఎస్తేరు కూడా అక్కడే ఉంది. "చూడన్నా, నీకు కాదంటానా," అని, స్కూలుకు వేళయిందని చెప్పి వెళ్ళింది.

అప్పటికే ఇంకో సంగతి నడుస్తోంది. ఊళ్ళో పద్యనాటకాలాడే ఒక సమాజం వాళ్ళ హార్మోనిస్టు జబ్బుపడి మంచమెక్కాడు. ఆ సమాజంలో రాజు వేషాలకు పేరుమోసిన గోవర్ధనం గారు మేడమ్‌కి పాత పరిచయం. "మీ పిల్లలు కట్టిన పెట్టెలు ఆదివారం మధ్యాహ్నం రిహార్సలుకు పట్టించండి. ఏది శ్రుతి తప్పకుండా నిలబడితే అది మాతో ఊళ్ళు తిరుగుతుంది. కట్టినవాళ్ళే వాయించాలి," అని కబురు చేశాడు. పద్యం పాడుతుంటే వేల మంది ఊపిరి బిగబట్టి వినే చోటు అది. పానకాలరావుకు అంతకు మించి కావలసింది ఏదీ లేదు.

అతను రెండు బోర్డులూ ముందేసుకుని కూర్చున్నాడు. పద్ధతి తెలియనివాడు కాదు. బాగున్నదాని మీద ఒక చోట కొలవాలి, చెడినదాని మీద అదే చోట కొలవాలి. ఎక్కడ తేడా వస్తే జబ్బు అక్కడ. మొదట అలాగే మొదలుపెట్టాడు. కాసేపటికి తన బోర్డు పక్కకు పోయింది, ఎస్తేరుది దీపం కిందికి వచ్చింది. దాని వాలకం చూస్తే అతనికి ఒళ్ళు మండింది. తీగలు ఒకదాని మీద ఒకటి అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. సోల్డరు కొన్ని చోట్ల ఉసిరికాయంత ముద్దలు కట్టింది. తన బోర్డు చూస్తే బడిపిల్లల వరసలా ఉంది, ప్రతి భాగం గీత గీసినట్టు నిలబడి. ఇంత అనాకారిది నిలవడమేమిటి, అంత ముచ్చటైనది జారడమేమిటి?

అంగుళం అంగుళం వెతికాడు. చివరికి ఒక మూల దొరికింది. మీటల నుంచి వచ్చే తీగ బోర్డును కలిసే చోట సోల్డరుకు మెరుపు లేదు, బూడిద రంగులో ఉంది, చుట్టూ వెంట్రుకంత పగులు. రిపేరు కొట్లలో డ్రై సోల్డరంటారు దాన్ని. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది, లోపల పట్టు ఉండదు. పుల్లతో నెమ్మదిగా నొక్కితే స్పీకరు చిటపటమంది. వదిలితే మళ్ళీ పలికింది. నాలుగు కుదుపులు తగిలితే ఊడడం ఖాయం.

పానకాలరావు గుండెల్లో ఏదో చల్లగా పారింది. అది సంతోషమని తెలిసి అతనే కొంచెం ఉలిక్కిపడ్డాడు. ఐరన్ పక్కనే వేడిగా ఉంది. ఒక్కసారి ముట్టిస్తే చాలు. చెయ్యి చాచాడు కూడా. 'తనది తను చూసుకోవాలి గాని, మధ్య నాకెందుకు?' అనుకున్నాడు. బోర్డును గుడ్డలో చుట్టి, జాగ్రత్తగా, యథాస్థానంలో పెట్టాడు.

మేడమ్ బయటికి వచ్చి, "దొరికిందా?" అన్నారు.

"ఇంకా లేదు మేడమ్," అన్నాడు.

ఆవిడ అతని బోర్డు వైపు చూశారు. అది ఎవరూ ముట్టనట్టు చల్లారి ఉంది.

ఆదివారం రిహార్సలు ఒక కల్యాణమండపంలో. గోవర్ధనం గారు వేషం లేకుండా పంచె, బనీనుతో కూర్చుని, "కానీ బాబూ," అన్నాడు. ముందు పానకాలరావు వాయించాడు. మొదటి పద్యం బాగానే సాగింది. రెండో దానికి బోర్డు వేడెక్కి శ్రుతి పైకి జరగడం మొదలుపెట్టింది. గోవర్ధనం గారు రెండుసార్లు సర్దుకున్నాడు. మూడోసారి ఆగి, నవ్వుతూనే, "నాయనా, నన్ను ఎక్కడికి ఎక్కిస్తున్నావు? దిగడానికి నిచ్చెనన్నా వెయ్యి," అన్నాడు. అందరూ నవ్వారు. పానకాలరావు కూడా నవ్వాడు.

ఎస్తేరు కూర్చుంది. ఆమె శ్రుతి మొదలయ్యేసరికి ఆయన కళ్ళు వాటంతటవే మూతపడ్డాయి. రాగం తీశాడు. రాగం పైకి పోయి అక్కడ నిలబడితే, కింద శ్రుతి చేయి పట్టుకున్నట్టు నిలబడింది. జంపఖానా పరుస్తున్న మనిషి పరచడం ఆపేశాడు. అందరూ వింటున్నారు. పానకాలరావు ఒక్కడికే ఆ పాట వినపడలేదు. అతను ఆ మూల అతుకును వింటున్నాడు. ఎప్పుడు ఊడుతుందా అని అతని చెవులు అక్కడే కాపలా కాస్తున్నాయి.

పద్యం చివరి పాదంలో ఉండగా పెట్టె చిటపటమని మూగపోయింది.

గోవర్ధనం గారు ఆగలేదు. శ్రుతి లేకుండానే ఆ పాదం ముగించి, అప్పుడు కళ్ళు తెరిచాడు. ఎస్తేరు ముఖం పాలిపోయింది. మీటలన్నీ ఒక్కొక్కటే నొక్కి చూసింది. చుట్టూ చూసి, "అన్నా," అంది. "నువ్వు దీన్ని చూశావుగా. నీ చేతికి తెలిసిన బోర్డు. ఒక్కసారి చూడవూ?"

ఆ గొంతులో ఎక్కడా అనుమానం లేదు. ఉంటే అతనికి సులువుగా ఉండేది.

పానకాలరావు తన సంచిలోంచి మీటరూ, ఐరనూ తీసి బల్ల మీద పెట్టాడు. ఐరన్ వేడిచేసి, పెట్టె మూత విప్పి, నేరుగా ఆ మూల అతుకు మీద పెట్టాడు. సోల్డరు కరిగి, మెరిసి, గట్టిపడింది. ఎస్తేరు కీ నొక్కితే స్వరం పలికింది.

"భలే!" అన్నాడు గోవర్ధనం గారు. "మీటరన్నా ముట్టుకోలేదు చూశారా! వైద్యుడంటే ఇలా ఉండాలి. చెయ్యి చూడకుండానే రోగం పట్టేశాడు." చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. జీవితంలో మొదటిసారి నలుగురూ అతని కోసం చప్పట్లు కొట్టారు. పానకాలరావుకు చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. మేడమ్ మాత్రం కొట్టలేదు. బల్ల మీద అలాగే పడి ఉన్న మీటరును చూస్తున్నారు.

అతను తల ఎత్తలేక బోర్డు మీదే చూపు ఉంచాడు. అప్పుడు కనిపించాయి, ఆ చిక్కుపడిన తీగల కింద, రెండు చిన్న ట్రాన్సిస్టర్లు. శ్రుతిని నిలిపేవి ఆ రెండే. ఎస్తేరు వాటిని వీపూ వీపూ ఆనించి తెల్లదారంతో కట్టేసింది, వేడెక్కినా చల్లారినా రెండూ కలిసే ఉండేలా. తన బోర్డు మీద అవే రెండింటినీ అందం కోసం వరసలో దూరంగా నిలబెట్టాడు. ఒకటి పోయి పోయి వేడి పుట్టించే భాగం పక్కనే పడింది. అది కాగుతుంటే ఇది చల్లగా ఉంటుంది. ఇక శ్రుతి ఎలా నిలుస్తుంది? ఒక పూటంతా ఇదే బోర్డును అంగుళం అంగుళం చూశాడు. ఇది కనపడలేదు.

సమాజం వాళ్ళు ఎస్తేరు పెట్టెనే ఖాయం చేసుకున్నారు. ఆమె దాన్ని సంచిలో సర్దుకుంటుంటే, గుమ్మం దగ్గర పానకాలరావు ఎదురొచ్చాడు.

"ఆ అతుకు సంగతి నాకు ఇవాళ తెలిసింది కాదమ్మా," అన్నాడు. "ఆ రోజే చూశాను."

ఎస్తేరుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక సంచి జిప్పు వెయ్యడం ఆపింది. "ఒక్క మాట చెప్తే సరిపోయేదిగా అన్నా," అంది. తర్వాత జిప్పు వేసుకుని, చెప్పులు తొడుక్కుని, ఆటో ఎక్కి వెళ్ళిపోయింది. వెళ్ళొస్తానని చెప్పలేదు.

మండపం ఖాళీ అయింది. సామ్రాజ్యం గారు ఒక కుర్చీలో కూర్చుని రిక్షా కోసం చూస్తున్నారు. పానకాలరావు వెళ్ళి ఆవిడ ముందు నిలబడ్డాడు.

"మేడమ్, ఆవేళ మీరు దొరికిందా అని అడిగితే నేను..."

ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. అతని ముఖంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు. అలసట ఉంది.

"తప్పు పట్టడం నీకు బాగా వచ్చేసిందయ్యా," అన్నారు. "ఇహ నీ బోర్డు తెచ్చుకుని చూసుకో."