ఇసుకలో పడని అడుగులు

అనగనగా ఒక అడవిలో, వాగు మలుపు తిరిగే చోట, వారానికొకసారి సంత జరిగేది. సంత అంటే మీకు తెలుసుగా? మన దగ్గర ఉన్నది ఇచ్చి, లేనిది తెచ్చుకోవడం. అక్కడా అంతే.

బొంతయ్య అనే ఎలుగుబంటి తేనెపట్లు తెచ్చేవాడు. నీలయ్య అనే నెమలి బాగా ఎండబెట్టిన గింజలు తెచ్చేవాడు. పీచయ్య అనే గిజిగాడు ఈతాకు నారతో బుట్టలు అల్లి తెచ్చేవాడు. ఆ నార తీసిపెట్టేది చారమ్మ అనే ఉడుత. ఈతాకుల్ని పళ్ళతో చీల్చి, వెంట్రుకంత సన్నగా నార తీసేది. అంత బాగా తీయడం ఆ అడవిలో ఇంకెవరికీ చేతకాదు. అందుకు పీచయ్య ఆమెకు రోజూ గుప్పెడు గింజలు ఇచ్చేవాడు. వాటితోనే చారమ్మ తన ముగ్గురు పిల్లల్నీ పెంచుకునేది. సంతరోజున నాలుగు గింజలు మిగిల్చి, పిల్లల కోసం ఓ తేనెచుక్క కొనుక్కెళ్ళేది.

ఆ సంతకు పెద్ద మందయ్య తాత. తాబేలు. ఆయన పని కొంచెం చిత్రమైనది. సంత నుంచి ఇళ్ళకు వెళ్ళాలంటే అందరూ వాగు పక్కనున్న తడి ఇసుక దాటాలి. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, మందయ్య తాత ఆ ఇసుక మీద అడుగులు చూసేవాడు. బరువు మోసుకెళ్ళినవాళ్ళ అడుగు లోతుగా పడుతుంది. ఉత్త చేతులతో వెళ్ళినవాళ్ళ అడుగు పైపైన పడుతుంది. కావాలంటే వాన వెలిశాక పెరట్లో మీరే నడిచి చూడండి. ఒకసారి ఉత్తగా, ఒకసారి చెల్లిని ఎత్తుకుని. తేడా మీకే తెలుస్తుంది.

అడుగులు లోతుగా ఉంటే అందరూ అమ్ముతున్నారు, కొంటున్నారు అన్నమాట. దాన్ని నిండుకాలం అనేవారు. అడుగులు వారం వారం తేలికైపోతుంటే అది సన్నకాలం.

నిండుకాలంలో ఒక్కొక్కరూ సంతకోసారి గుప్పెడు గింజలు తెచ్చి పెద్ద మద్దిచెట్టు తొర్రలో వేసేవారు. అది అందరిదీ. తొర్రకు అడ్డంగా ఓ బండరాయి ఉండేది. "సన్నకాలం మొదలైంది" అని మందయ్య తాత చెప్పిన రోజు ఆ రాయి తీసేవారు. పని పోయినవాళ్ళు రోజూ దొప్పెడు గింజలు తీసుకునేవారు. "సన్నకాలం ముగిసింది" అని తాత చెప్పిన రోజు రాయి మళ్ళీ పెట్టేసేవారు. అదీ అక్కడి ఆచారం.

ఒక ఏడు ఎండాకాలం మొదట్లో వడగళ్ళు పడ్డాయి. ఇప్పపూలన్నీ రాలిపోయాయి. పూలు లేకపోతే తేనెటీగలు ఏం చేస్తాయి? వేరే కొండకు పోయాయి. తేనె తగ్గింది. తేనెపట్లు మోయడానికి వారానికి మూడు బుట్టలు కొనే బొంతయ్య ఒక్క బుట్టతో సరిపెట్టుకున్నాడు.

పీచయ్య చారమ్మను పిలిచాడు. ఆమె ముఖం చూడలేక ముక్కుతో ఈనె గీకుతూ కూర్చున్నాడు.

"చారమ్మా, రేపటి నుంచి రాకమ్మా."

"అదేమిటి పీచయ్యన్నా? నార బాగా రాలేదా?"

"నీ నారకేం, బంగారం. అల్లినవి కొనేవాళ్ళే లేరు. ఆ ఒక్క బుట్టకు నార నేనే తీసుకుంటాను. బొంతయ్య మళ్ళీ మూడు బుట్టలు అడిగిన రోజు నేనే వచ్చి పిలుస్తాను."

చూశారా? పూలు రాలింది ఇప్పచెట్టు మీద. పని పోయింది ఈతచెట్టు మీద.

చారమ్మ నేరుగా మందయ్య తాత దగ్గరకు వెళ్ళింది.

"తాతా, సన్నకాలం వచ్చింది. తొర్ర తెరిపించు."

తాత మెడ బయటికి చాపి నెమ్మదిగా అన్నాడు. "నిన్నటి అడుగులు తేలికగానే ఉన్నాయి తల్లీ. కానీ ఒక్క సంత చూసి చెప్పేస్తే ఎలా? ఆ మధ్య అలాగే తొందరపడ్డాను. తీరా చూస్తే వాగు అవతల జింకల ఇంట్లో పెళ్ళి. అందరూ విందుకు వెళ్ళారు, అంతే. నెలరోజులు నవ్వారు నన్ను చూసి. మూడు సంతలు చూడనీ."

రెండో సంత వచ్చింది. అడుగులు ఇంకా తేలికయ్యాయి. చారమ్మ మళ్ళీ వచ్చింది. పక్కనే ఉన్న నీలయ్య తోక విదిలించి నవ్వాడు.

"సన్నకాలమా? ఎక్కడ? మొన్న నేను ఆడుతుంటే చూడటానికి అడవి అడవంతా వచ్చిందే!"

"చూడటానికి ఏమీ ఇవ్వక్కర్లేదుగా నీలయ్య బాబాయ్, అందుకే వచ్చారు" అంది చారమ్మ. నీలయ్య తోక ముడుచుకున్నాడు.

"ఇంకొక్క సంత" అన్నాడు తాత.

ఆ వారం చారమ్మ గూట్లో దాచుకున్న ఆఖరి గింజలు కూడా అయిపోయాయి. ఆమె చిగురాకులు నమిలి పడుకుంది.

మూడో సంత సాయంత్రం మందయ్య తాత ఇసుకంతా తిరిగి చూశాడు. ఎలుగుబంటి అడుగు కూడా పిల్లి అడుగంత తేలికగా ఉంది. అందర్నీ మళ్ళీ పిలిచి, సంత మధ్యనున్న రాతి మీదికెక్కి చెప్పాడు.

"సన్నకాలం మొదలైంది. ఇవాళ కాదు, రెండు సంతల కిందటే మొదలైంది."

"అంటే నేను మొదటిసారి వచ్చిన రోజుకే మొదలైపోయిందా?" అని అడిగింది చారమ్మ.

"అవును తల్లీ. అందులో ఉన్నప్పుడు తెలియదు. కొంత దూరం నడిచి, వెనక్కి తిరిగి చూస్తేనే కనిపిస్తుంది."

"నువ్వు వెనక్కి తిరిగి చూడగలవు తాతా. నా పిల్లలు వెనక్కి తిరిగి తినలేరు కదా!"

తాత అందర్నీ తొర్ర దగ్గరకు తీసుకెళ్ళాడు. రాయి తీశారు. ఆ రోజు నుంచి చారమ్మ దొప్ప పట్టుకుని వచ్చి గింజలు తీసుకునేది. పిల్లలు మళ్ళీ కొమ్మల మీద గెంతారు.

ఎండాకాలం గడిచింది. తొలకరి పడింది. వాగు ఒడ్డున ఏవేవో కొత్త పూలు విరిశాయి. వెళ్ళిపోయిన తేనెటీగల్లో కొన్ని తిరిగి వచ్చాయి. ఒక సంతలో అడుగులు అంతకుముందు కంటే తేలిక కాలేదు. తర్వాతి సంతలో రవ్వంత లోతుగా పడ్డాయి. ఆ తర్వాతి సంతలో ఇంకొంచెం. మందయ్య తాత పొంగిపోయాడు. మళ్ళీ అందర్నీ పిలిచి రాతి మీదికెక్కాడు.

"సన్నకాలం ముగిసింది! అదీ రెండు సంతల కిందటే ముగిసింది!"

ఒకటే కేరింతలు. బొంతయ్య గంతులేస్తుంటే నేల అదిరింది. నీలయ్య పురి విప్పాడు.

"ముగిసిందిగా, ఇక రాయి పెట్టేయండి. తొర్రలో అడుగున ఇంతే మిగిలింది. మళ్ళీ వడగళ్ళు పడితే ఏం తింటాం?"

నీలయ్య మాటా నిజమే. ఆయన చెడ్డవాడు కాదు. అందరికంటే ఎక్కువ గింజలు ఆ తొర్రలో వేసింది ఆయనే. అది ఖాళీ అయిపోతుందని ఆయనకు భయం. ఆచారం కూడా అదే కదా? రాయి పెట్టేశారు.

మర్నాడు చారమ్మ దొప్ప పట్టుకుని వచ్చింది. రాయి అడ్డంగా ఉంది. రాతి మీద నీలయ్య కూర్చుని ఉన్నాడు.

"ఇంకా ఎందుకొచ్చావమ్మా? ముగిసిందని చెప్పారుగా?"

"ఎవరికి ముగిసింది బాబాయ్? నాకింకా పని రాలేదు."

ఆమె పీచయ్య దగ్గరకు పరుగెత్తింది. పీచయ్య తల గోక్కున్నాడు. "ఇప్పుడు రెండు బుట్టలు అడుగుతున్నారు చారమ్మా. ఆ రెండూ నేనొక్కణ్ణే చేసుకోగలను. మూడో బుట్ట అడిగితే తప్ప నిన్ను పిలవలేను. మళ్ళీ పిలిచి, మళ్ళీ పొమ్మనడం నావల్ల కాదమ్మా."

చారమ్మ ఆ వారమంతా చిగురాకులతో నెట్టుకొచ్చి, చివరికి పిల్లల్ని దగ్గరకు చేర్చుకుంది. వాగు దాటితే బోడికొండ. అక్కడ రేగుపళ్ళు ఉన్నాయట. కానీ ఆ కొండ మీద దాక్కోవడానికి ఒక్క చెట్టు లేదు. పైన ఎప్పుడూ డేగలు తిరుగుతుంటాయి. ఇక్కడుంటే ఆకలి, అక్కడికెళితే డేగ. ఏం చేస్తుంది పాపం? చిన్నదాన్ని నోట కరుచుకుని, ఇద్దర్ని వెంటబెట్టుకుని బయలుదేరింది.

దారిలో సంత. ఆ రోజు సంతరోజే. మందయ్య తాత ఆమెను చూసి ఆపాడు.

"ఎక్కడికి తల్లీ, పిల్లలతో?"

చారమ్మ చిన్నదాన్ని కిందికి దించింది. "బోడికొండకి."

"డేగలుంటాయే! పైగా మంచికాలం వస్తుంటే వెళ్ళిపోతావేం? అడుగులు ఎంత లోతుగా పడుతున్నాయో నేను కళ్ళారా చూశాను."

"అందులో నా అడుగు ఉందా తాతా?"

"ఎందుకుండదు?" అన్నాడు తాత. వెంటనే ఇసుక దగ్గరకు నడిచాడు. కిందటి సంత తర్వాత వాన పడలేదు. గుర్తులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముక్కు నేలకు ఆనించి వెతికాడు. ఎలుగు అడుగు, నెమలి అడుగు, కుందేలు అడుగు. ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. ఎంత వెతికినా ఉడుత అడుగు లేదు.

"అమ్మడానికీ కొనడానికీ ఏమీ లేనిదాన్ని, సంతకెందుకొస్తాను తాతా?" అంది చారమ్మ. "నువ్వు చూసింది వచ్చినవాళ్ళ అడుగులు. రానివాళ్ళవి ఇసుకలో పడవు."

మందయ్య తాత తల లోపలికి లాక్కున్నాడు. 

ఇప్పుడు ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఆయన పెద్దవాడు. ఆయన మాటకు అడవంతా తల ఊపుతుంది. "నేను చెప్పింది చెప్పినట్టే" అని ఊరుకోవచ్చు. లేదా అందరి ముందూ "పొరపాటు పడ్డాను" అని ఒప్పుకోవచ్చు. జింకల పెళ్ళి సంగతి గుర్తుందిగా? మళ్ళీ నవ్వుతారు. ఏం చేస్తాడు?

తాత తల బయటికి తీశాడు. రాతి మీదికెక్కాడు.

"అందరూ వినండి. సన్నకాలం ముగిసిందన్నాను. అది నిజమే. కానీ తొర్ర మూయనిచ్చాను. అది తప్పు. రాయి తీయండి."

సంత గొల్లుమంది. నీలయ్య గట్టిగా అరిచాడు. "ముగిసిందీ అంటావు, తెరవమనీ అంటావు! ఏదో ఒకటి చెప్పు తాతా!"

అప్పుడు బొంతయ్య గొంతు సవరించుకున్నాడు. "నేనొకటి చెప్పనా? ఓసారి నేను ఏనుగుల కోసం తవ్విన గోతిలో పడ్డాను."

"నువ్వు పడటం కొత్తా మామా!" అని ఎవరో వెనక నుంచి అన్నారు. అందరూ నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. పడుతున్నంతసేపూ గుండె గొంతులోనే ఉంది. వీపు నేలకు తగిలింది. పడటం అయిపోయింది. ఇక కిందికి పోయేది లేదు. కానీ గోతిలోంచి పైకి వచ్చిందెప్పుడు? నాలుగోనాడు! ఆ నాలుగు రోజులూ పైనుంచి పళ్ళు విసిరి నన్ను బతికించింది ఎవరనుకున్నారు? ఈ నీలయ్యే. వీపు నేలకు తగిలింది కదా, ఇక ముగిసిందని వీడు వెళ్ళిపోయి ఉంటే?"

నీలయ్య ముఖం మెత్తబడింది. మద్దిచెట్టు వైపు చూశాడు. చారమ్మ పిల్లల వైపు చూశాడు. "తొర్ర ఖాళీ అయిపోతే మాత్రం?" అన్నాడు, గొంతు తగ్గించి.

"అవ్వదు" అన్నాడు తాత. "అడుగు లోతుగా పడుతున్నవాళ్ళు ఇవాళ్టి నుంచే గుప్పెడు వేయడం మొదలుపెట్టాలి. అడుగు పడనివాళ్ళు దొప్పెడు తీసుకోవాలి. రెండూ ఒకేసారి జరగాలి. ఇంకొకటి. ఇకమీదట ఒక్క సంతలో అడుగులు తేలికపడగానే, రోజుకు సగం దొప్ప ఇచ్చేలా తొర్ర తెరుద్దాం. జింకల పెళ్ళి వల్లనే అయితే పోయేది నాలుగు గింజలు. నిజంగా సన్నకాలమైతే నిలిచేది పిల్లల ప్రాణం."

నీలయ్య తనే మద్దిచెట్టు దగ్గరకు నడిచి, భుజంతో రాయిని తోశాడు. కదల్లేదు. బొంతయ్య ఒక్క తోపు తోశాడు. రాయి దొర్లింది. నీలయ్య చారమ్మ దొప్ప తీసుకుని నిండుగా పోసి ఇచ్చాడు.

"బోడికొండకి ఎవరూ వెళ్ళక్కర్లేదు" అన్నాడు పిల్లలతో.

ఇంకో నెల గడిచింది. వానలు బాగా పడ్డాయి. బొంతయ్యకు పట్లు పెట్టుకునే చోటు చాల్లేదు. "మూడు కాదు, నాలుగు బుట్టలు కావాలి!" అని పీచయ్య ఉండే చెట్టు కింద నిలబడి అరిచాడు. పీచయ్య అటు నుంచి అటే ఎగిరాడు, చారమ్మ గూటికి. ఆమె అక్కడే ఉంది. ఆమె ఆ రోజు కొండకు వెళ్ళిపోయి ఉంటే నార ఎవరు తీసేవారు? బుట్టలు ఎవరు అల్లేవారు? బొంతయ్య తేనె దేనిలో మోసేవాడు?

ఆ తర్వాతి సంత సాయంత్రం మందయ్య తాత మళ్ళీ ఇసుకలోకి దిగాడు. పెద్ద అడుగుల జోలికి పోలేదు. ముక్కు నేలకు ఆనించి చిన్నవి వెతికాడు. కుందేలు అడుగు పక్కన ఒక బుల్లి అడుగు కనిపించింది. దాని వెనక ఇంకా బుల్లివి, మూడు జతలు. చారమ్మ అడుగు చింతగింజంత లోతు పడింది. నోట తేనెపట్టు ముక్క ఉంది మరి.

తాత గబగబా, అంటే ఆయనకు గబగబా, మద్దిచెట్టు దగ్గరకు నడిచాడు. అప్పటికే చారమ్మ అక్కడుంది. తన గింజల్లోంచి గుప్పెడు తీసి తొర్రలో వేసింది.

"ఇక మూసేయొచ్చు తాతా" అంది.

"మూస్తాం తల్లీ" అన్నాడు తాత. "నీ అడుగు చూశాను."

నీతి: పడటం ఆగిన రోజు, అందరూ లేచిన రోజు కాదు. ఆదుకునే చెయ్యి వెనక్కి తీసుకునే ముందు, ఎవరి అడుగు కనిపించడం లేదో వెతికి చూడాలి.