నది చెవిలో చెప్పిన పేరు

మంచుకొండల్లో పుట్టి, ఎర్ర ఇసుక ఎడారుల మధ్య పారే ఆమూ నది ఒడ్డున ఒకానొక రాజ్యాన్ని బెక్‌తాష్ ఖాన్ అనే ప్రభువు ఏలుతుండేవాడు. ఆ నదికి పేర్లకేం కొదవ లేదు. గ్రీకులు ఆక్సస్ అన్నారు, అరబ్బులు జేహూన్ అన్నారు, మన పురాణాలు వక్షువు అన్నాయి. నది మాత్రం తోచినప్పుడల్లా ఒడ్డును కొరికి, దారి మార్చుకుని, ఊళ్లకు ఊళ్లే మింగేది.

ఖానుకు అదేమీ పట్టలేదు. "ఇకమీదట ఇది బెక్‌తాష్ నది. పాత పేరు ఎత్తినవాణ్ణి అందులోనే ముంచండి" అని చాటింపు వేయించాడు.

మొదట దొరికినవాడు ముసలి పడవవాడు తూర్దీ. జనాన్ని దాటిస్తూ అలవాటు కొద్దీ "ఆమూ తల్లీ, చల్లగా చూడు" అన్నాడట. ఆ కబురు వినగానే ఖాను ఆస్థాన విదూషకుడు ఎష్మత్‌కు గుండె జారిపోయింది. చిన్నప్పుడు వరదలో కొట్టుకుపోతున్న తనను పైకి లాగినవి ఆ ముసలి చేతులే.

"శిక్ష న్యాయమే ప్రభూ. కానీ నామకరణం పూర్తి కాలేదే! బిడ్డ చెవిలో చెప్పనిదే అది పేరవుతుందా?" అన్నాడు ఎష్మత్ ఖానుతో.

"నదికి చెవి ఎక్కడుందిరా?"

"లోపల నీళ్లు తొలిచేశాయేమోనని పడవవాళ్లు ఒడ్డున నేలకు చెవి ఆనించి వింటారు కదా. వాళ్లు వినే చోటే మనం చెబుదాం."

పొద్దు వాలుతుండగా ఖాను పరివారంతో, కట్లతో ఉన్న తూర్దీని కూడా వెంటబెట్టుకుని వెళ్లి, ఒడ్డున బోర్లా పడుకుని, నేలకు నోరు ఆనించి తన పేరు చెప్పాడు. తరువాత చెవి ఆనించాడు.

గాలి లేదు. కొంగలు కూడా అరవడం మానేశాయి. నేల అడుగున ఏదో నములుతోంది. మెల్లగా, తొందర లేకుండా.

"ఎష్మత్... అదేమిటి?"

"తమ మాట విన్నది ప్రభూ. అటు చూడండి."

కోసుకుపోయిన ఒడ్డులో ఇటుకల వరసలు, వాటి మధ్య విరిగిన కమాను. దాని కింద ఒక పుర్రె కళ్ల గుంటల్లోంచి ఇసుక రాలుతోంది.

"పూర్వం ఈ నదికి తన పేరు పెట్టుకున్న ప్రభువుగారి కోట అది. పేరు పెట్టాక బిడ్డ తండ్రి ఇంటికి రాక ఎక్కడికి పోతుంది?"

ఖాను ముఖాన నెత్తురు చుక్క లేదు. "వద్దు! ఆ పేరు వెనక్కి తీసుకున్నాను!"

"చాలదు ప్రభూ. పాత పేరుతో పిలిచి మళ్లించేవాడు కావాలి. తమ చాటింపుకు జడిసి ఎవరి నోరూ పెగలదు. పిలవగల ఒక్కణ్ణీ ముంచబోతున్నాం."

"వాడి కట్లు విప్పండిరా!"

తూర్దీ ఒడ్డు అంచుకు వచ్చి "ఆమూ తల్లీ, ఇటు కాదు, అటు పో!" అని కేకేశాడు. ఆ వెంటనే తానే ఖానును భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. అంతసేపూ ఖాను పడుకున్న నేల చప్పుడు లేకుండా నీళ్లలోకి జారిపోయింది.

ముసలివాణ్ణి విడిపించడానికే ఈ నాటకమంతా అని ఖానుకు అప్పుడు తట్టింది. పొట్ట పట్టుకుని నవ్వాడు. "నన్ను పసివాణ్ణి చేసి ఆడించావురా ఎష్మత్!" అంటూ తన జరీ అంగీ విప్పి అతనికి తొడిగాడు. తూర్దీని వదిలేశాడు, చాటింపు రద్దు చేశాడు.

అందరూ వెళ్లాక ఎష్మత్ నవ్వుతూ, "ఆ కోట ఎవరిదో నాకేం తెలుసు తాతా! అంతా అప్పటికప్పుడు అల్లిందే" అన్నాడు.

తూర్దీ నవ్వలేదు. నీళ్లకేసి చెయ్యి చూపించాడు. పొద్దుటి నుంచీ ఈ ఒడ్డునే కొరుకుతున్న ప్రవాహం మెల్లగా అవతలి ఒడ్డుకేసి మళ్లుతోంది.